దోసకాయ పడవకు జానెడు బీట

ఆ రోజుల్లో మా ఊళ్లో ఫ్యాను ఆగినా, మిక్సీ మూగబోయినా, టార్చిలైటు కన్ను మూసినా ముందు నా దగ్గరికే తెచ్చేవారు. బాగుచేస్తానన్న నమ్మకంతో కాదు. రాజాంలో మూడేళ్లు మెకానికల్ డిప్లమా చదివి (అందులో ఒక సబ్జెక్టు నన్ను విడిచి ఉండలేక నాతోపాటే ఇంటికొచ్చేసింది) ఖాళీగా కూర్చున్నవాణ్ణి ఊరి మొత్తానికి నేనొక్కణ్ణే. తెచ్చిన వస్తువును గంటసేపు విప్పి, మరో గంట బిగించి, చివరికి అరచేతిలో మిగిలిన రెండు బోల్టుల వైపు నేను ఆలోచనగా చూస్తుంటే, వాళ్లకు ఒక రకమైన ప్రశాంతత కలిగేది. "ఇంజినీరు కూడా సూసేసినాడు, ఇంక పారీయొచ్చు" అనుకుని తేలిక మనసుతో వెళ్లిపోయేవారు. పాతసామాన్లు కొనేవాడు నేను ఎదురైతే సైకిలు దిగి నమస్కారం పెట్టేవాడు. ఇలా నలుగురికీ ఉపయోగపడుతూ గర్వంగా బతుకుతున్న కాలంలో, ఒక వేసవిలో, ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ పడవకు జానెడు బీట పడింది. పడింది అనడం మర్యాద కోసం. పెట్టింది నేనే.

పడవ మా మావది. మావ అంటే మా అమ్మ తమ్ముడు. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే, చెప్పుల్లోకి ఇసుక రావడం మొదలైన చోట మా ఊరు మొదలవుతుంది. ఆ ఊళ్లో ఆయన్ను అందరూ 'ప్రళయం' అనేవారు. టీలో పంచదార తగ్గితే "నా బతుకు సేదైపోనాది" అనేవాడు. చొక్కా గుండీ ఊడితే "ఇంక నానెవుడికీ మొకం సూపించలేను" అనేవాడు. పక్కనుండి "ఊడింది పొట్ట దగ్గర గుండీ మావా, మొకానికేటీ కానేదు" అని గాలి తీసేయడం నా ఉద్యోగం (అప్పటికి నాకున్న ఏకైక ఉద్యోగం). అలాంటి మనిషి, నిజంగా ప్రళయం వచ్చిన రోజున మాత్రం కిక్కురుమనలేదు. గుజరాత్ బోట్లలో పనికి వెళ్లినప్పుడు వల లాగే తాడు కాలికి చుట్టుకుని మోకాలు చితికిపోయింది. ఆపరేషన్ చేశారు. కాలు దక్కింది గాని మడవడం మానేసింది. రైలు దిగి, చేతికర్ర సాయంతో వస్తూ "కొంచెం బిగిసింది. అంతే" అన్నాడు. ఆ కాలి గురించి ఆయన నోట నేను విన్న మొత్తం ప్రసంగం అదే.

మా ఊళ్లో వేటంటే ఐదారుగురు కలిసి ఫైబరు పడవను తోసుకుంటూ కెరటాల్లోకి పరుగెత్తాలి. నడుములోతు నీళ్లలో ఎగిరి లోపలికి దూకాలి. ఊగే పడవలో మోకాళ్లు వంచి నిలబడి వల లాగాలి. మడవని కాలుతో ఈ మూడిట్లో ఒక్కటీ కుదరదు. తెల్లారగట్ల పడవవాళ్లు తమ జట్టు మనుషుల్ని వాకిళ్ల ముందు ఆగి పేరుపేరునా పిలుచుకుంటూ పోతారు. మావ వాకిట్లో ఆ పిలుపు ఆగిపోయింది. ఎవరి తప్పూ కాదు. పనికి రాని మనిషిని పిలిస్తే ఆయనకే అవమానమని, ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి గొంతు తగ్గించుకుని దాటిపోయేవారు. మావ మాత్రం సరిగ్గా ఆ వేళకి లేచి, పళ్లు తోముకుని, తల దువ్వుకుని, అరుగు మీద కాలు చాపుకుని కూర్చునేవాడు. "పెళ్లిసూపులా?" అని అత్త లోపల్నుంచి అడిగేది గాని, బయటికొచ్చి ఆయన మొహం చూసేది కాదు.

అలా రెండేళ్లు గడిచాక, భీమిలి పక్కన సముద్రపొడ్డున ఎవరో హోటలు మూసేస్తూ సామాన్లు వదిలించుకుంటున్నారని తెలిసి, ఐసు లారీ డ్రైవరుతో ఉన్న స్నేహం కొద్దీ మావ ఒక వస్తువు తెప్పించాడు. దాన్ని దించుతుంటే ఊరంతా వచ్చింది. ఇద్దరు మనుషుల పొడవు, నిగనిగలాడే పసుపు రంగు, మొనదేలిన రెండు కొసలు, లోపలంతా బోలు. పైన కూర్చోవడానికి ఒక పల్లం, కాళ్లు చాపుకోవడానికి రెండు గాళ్లు. దీన్ని కయాక్ అంటారని నేను చెప్పాను (చదువుకున్నవాణ్ణి దగ్గరుంచుకోవడం ఇందుకే). ఊరు ఆ మాటను ఒకసారి నోట్లో వేసుకుని, రుచించక ఉమ్మేసి, 'దోసకాయ' అని పేరు పెట్టేసింది.

"ఇందులోన ఎందరెక్కుతారు ప్రళయం?" అన్నారెవరో.

"ఒకడు. నాను."

"మరి సేపలెక్కడెడతావు, ఒళ్లోనా?"

మావ పడవెక్కాడు. పల్లంలో కూర్చుని, ఆ బిగిసిన కాలును రెండు చేతులా ఎత్తి గాడిలో పెట్టాడు. కొలత తీసి చేయించినట్టు సరిపోయింది. "సూసినావా అల్లుడూ! కాలు సాపుకు కూకున్నోడి కోసమని కూడా పడవ సేసినోడున్నాడు ఈ లోకంలో" అన్నాడు. "మా నాన్న ఇరవయ్యేళ్లుగా అలగే కూకున్నాడు, ఆయనకెవులూ పడవ పంపనేదు" అన్నాను నేను. అందరూ నవ్వారు. మావ కూడా నవ్వాడు గాని కాలు మాత్రం గాడిలోంచి తీయలేదు.

రెండు నెలలు ఇంటి వెనకే ఉన్న ఉప్పుటేట్లో తెడ్డు వేయడం నేర్చుకున్నాడు. పాతికసార్లు బోల్తాపడ్డాడు. పాతికసార్లూ "ఇదే నా ఆకరి" అని ప్రకటించాడు. ఇంతలో వేట నిషేధం దగ్గరపడింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో రెండు నెలలు మోటారు పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. మోటారు లేనివాటికి అడ్డులేదు. మా ఊళ్లో దోసకాయ తప్ప మిగతా పడవలన్నిటికీ మోటార్లే. అంటే ఆ రెండు నెలలూ ఊరంతా ఒడ్డున కూర్చుంటుంది, ప్రళయం ఒక్కడే నీళ్లమీద ఉంటాడు. "నన్ను పిలవని పడవలన్నీ ఇసకలో తొంగుంటాయి. నాను ఆటి ముందునించే ఎల్తాను, సూడు" అనేవాడు. చేపలు పడతాయా అని ఎవరైనా అడిగితే, అదేదో సంబంధం లేని ప్రశ్న అయినట్టు చూసేవాడు.

ఒకటే చిక్కు. ఇంటి నుంచి సముద్రం దాకా మెత్తటి ఇసుక. కర్ర పట్టుకు నడిచే మనిషి పడవనెలా ఈడుస్తాడు? రోజూ ఎవరో ఒకరిని బతిమాలడం ఆయనకు చావుతో సమానం (టీలో పంచదార తగ్గడం కూడా చావే అనుకోండి, కానీ ఇది నిజం). ఇక్కడ నా డిప్లమాకు మెలకువ వచ్చింది. పాత సైకిలు చక్రాలు రెండు, విరిగిన మంచం తాలూకు ఇనుప పట్టీలు, నరసన్నపేట పాత ఇనుము కొట్లో ఏరుకొచ్చిన ఒక ఇరుసు కలిపి బండి తయారుచేశాను. పడవను దానిమీద కట్టేస్తే ఒంటిచేత్తో లాక్కుపోవచ్చు. నిమ్మకాయలు తొక్కించి, మావ ముందు, నేను వెనక, ఊరేగింపుగా బయల్దేరాం. ఇరవై గజాలు రాజాలా వెళ్లింది. తర్వాత ఎడమ చక్రం ఇసుకలో దిగబడింది. "తొయ్యల్లుడూ!" అన్నాడు మావ. ఎక్కడ ఎంత బలం వాడాలన్నది మా చదువులో ఒక పెద్ద పాఠమే (ఆ మిగిలిపోయిన సబ్జెక్టు అదే). నేను ఒళ్లంతా పెట్టి తోశాను. కట్టు జారింది. మొన పైకి లేచింది. పడవ పొట్ట వచ్చి ఇరుసు బోల్టు మీద దబ్బున కూర్చుంది. టప్‌మని ఒక చప్పుడు. పెద్దదేమీ కాదు, అప్పడం విరిచినంత.

తిరగేసి చూస్తే కూర్చునే చోటుకి సరిగ్గా కింద జానెడు బీట. వేలితో నొక్కితే నోరు తెరిచి, మళ్లీ మూసింది.

మావ ఇసుకలో వెల్లకిలా పడుకున్నాడు. "నన్నిక్కడే కప్పెట్టీండి."

"ఇక్కడ ఇసక పొడిగా ఉన్నాది మావా, గొయ్యి నిలవదు. కాస్త తడి ఏపుకి జరుగు" అన్నాను.

మామూలుగా అయితే నా ఏడు తరాలనూ లేపి తిట్టేవాడు. ఆ రోజు తిట్టలేదు. కాసేపటికి లేచి, ఒంటి మీద ఇసుక దులుపుకుని, కర్ర అందుకుని, "సిన్నదేలే. అంతే" అన్నాడు. ఆ మనిషి గుండెలు బాదుకున్నంతసేపూ భయం లేదు. 'అంతే' అన్నాడంటే మాత్రం తగలాల్సిన చోటే తగిలినట్టు.

మరమ్మతు బాధ్యత సహజంగా నా మీదే పడింది. మొదట నేను రెండు రంగుల ముద్దలు కలిపి పిసికి పెట్టే సీలు తెచ్చాను. నీళ్ల పైపులు కారితే అందరూ రాసేదే. పిసికాను, పూశాను, నీళ్లద్ది నున్నగా దిద్దాను. ఎండాక చూస్తే ఫోటో తీసుకోవాలనిపించింది. తీసుకున్నాను కూడా. ఫోను జేబులో పెట్టుకుంటూ మోచెయ్యి ఆనిస్తే మొత్తం పెచ్చు ఊడి నా పాదం మీద పడింది.

ఇక లాభం లేదని రేజిన్ బావను పిలిచాం. మా మేనత్త కొడుకు. మా తీరంలో ఏ ఫైబరు పడవకు దెబ్బ తగిలినా ఆయనే వైద్యుడు. గాజుపీచు చాప పరిచి, దానిమీద రేజిన్ అనే జిగురు పోసి ఆయన వేసిన అతుకు పడవ పోయినా పోదని పేరు. దోసకాయను అటూ ఇటూ తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఇది ఫైబరు కాదు గదా బావా, ప్లాస్టిక్కు" అన్నాను, నా సీలు అనుభవంతో.

"ప్లాస్టిక్కో గీస్టిక్కో. నీటిమీద తేల్తే అది పడవే. పడవైతే నా సేతిలో బతుకుతాది."

"ఊడితే?"

"ఊడితే మీసం తీసీస్తాను" అన్నాడు. (ఆ మీసం అప్పటికే చాలా పందేల్లో ప్రాణాలతో బయటపడింది.)

అప్పటికి నిషేధం మొదలైంది గనక ఊరి మగవాళ్లందరికీ తీరికే. అందరూ చుట్టూ చేరి తలో సలహా ఇచ్చారు. ఒక తాత వెనకటి చెక్క నావలకు పెట్టినట్టు గుగ్గిలం పెట్టమన్నాడు. ఇంకొకాయన తారన్నాడు. బావ ఎవరి మాటా వినకుండా మూడు పొరలు వేశాడు. మర్నాటికి రాయిలా గట్టిపడింది. వేలితో కొడితే ఠంగుమంది. ఊరు చప్పట్లు కొట్టింది. మావ ఎక్కి కూర్చుందామని పడవ అంచు మీద చెయ్యి ఆనించాడు. ప్లాస్టిక్ గదా, కాస్త ఒంగింది. రాయి ఎక్కడైనా ఒంగుతుందా? రేకులోంచి ఇడ్లీ లేచినట్టు అతుకు మొత్తం ఒక్క ముక్కగా పైకి లేచి బావ చేతిలోకొచ్చింది. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చదివాడు.

"అతుకు బాగానే ఉన్నాది" అన్నాడు చివరికి. "పడవే అంటుకోనేదు."

మీసం విషయం ఎవరూ ఎత్తలేదు. ఊడింది పడవ గనక, న్యాయంగా మీసం పడవే తీయాలి.

అసలు మా ఊళ్లో తప్ప ఈ పొరపాటు ఇంకెక్కడా జరగదు. పాతికేళ్లుగా మా కళ్లముందున్న పడవలన్నీ ఫైబరువే. పడవ అన్నాక దెబ్బ తగులుతుంది, దెబ్బ తగిలితే రేజిన్ రాస్తారు, అంతకు మించి ఆలోచించవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఆ పసుపు ప్లాస్టిక్కేమో మైనం జాతి. పైపూతను దేన్నీ దగ్గరికి రానివ్వదు.

ఒడ్డున మోటారు పడవలు వరసగా ఇసుకలో తొంగునే ఉన్నాయి. వాటి ముందునుంచి వెళ్లవలసిన మనిషి అరుగు మీద కూర్చోవడం కూడా మానేసి, అత్త వెంట నరసన్నపేటలో రోజూ జరిగే సంతకు బయల్దేరాడు. అత్తది చేపల వ్యాపారం. నిషేధం రోజుల్లో ఎండుచేపలు అమ్మేది. మావ సాయం చేస్తానన్నాడు. చేసిన పాపం ఊరుకోదు గనక మూటలు మోయడానికి నేనూ వెళ్లాను. అత్త ఆ సంతలో పదిహేనేళ్లుగా సంపాదించుకున్న ఖాతాదారులను మావ ఒక్క వారంలో ఎలా చెదరగొట్టాడో చూసే భాగ్యం నాకు అలా కలిగింది.

"ఈ మెత్తళ్లు మరీ ఉప్పగా ఉన్నాయేటి?" అని ఒకావిడ అడిగింది.

"సముద్రంలో పెరిగినాయి తల్లీ. సెరుకు తోటలో కాదు."

"కాస్త వాసన కూడా..."

"వాసన నేకుండా కావాలంటే ఆ పక్క కొట్లో బంగాళదుంపలున్నాయి, ఎల్లు!"

ఆవిడ వెళ్లింది. బంగాళదుంపల దగ్గరికి కాదు, పక్కనే ఉన్న ఇంకో ఎండుచేపలావిడ దగ్గరికి. ఇక ఏ ముసలమ్మైనా కూర్చుంటూ "అబ్బా, మోకాలు" అందంటే చాలు, మావ కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆమె అడగకుండానే ఇంకో దోసెడు మెత్తళ్లు సంచిలో పడేవి. రెండో వారానికల్లా సంత మొత్తం మీద మోకాళ్ల నొప్పులు విపరీతంగా పెరిగిపోయాయి.

ఒకరోజు మావ టీకి వెళ్లినప్పుడు, ఖాళీ టబ్బు కడుగుదామని బోర్లించాను. నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు. అడుగున నల్లటి గీతలు, జెర్రులు పాకినట్టు నాలుగు. తడిమి చూశాను. అవి గీతలు కాదు, అతుకులు. గోటితో గీరాను. ఊడలేదు. తాళంచెవితో పొడిచాను. అయినా ఊడలేదు.

"అత్తా, ఇవెవులేసినారు?"

"నానే."

"దేంతోటి?"

"అట్లకాడతోటి."

నా బుర్రలో ఇరవై రోజులు ఆలస్యంగా దీపం వెలిగింది. "అయితే ఆ దోసకాయ కూడా..."

"మాటాడకుండా బుట్ట సర్దు."

"నీకు ముందునించీ తెలుసా?"

అత్త చేపల మీద ఈగలు తోలింది. "తెలుసు."

"మేం సీలనీ, రేజిననీ అన్ని తిప్పలు పడతంటే సెప్పనేదేటి?"

"మీరెవులైనా అడిగినారా?" అంది. నా వైపు చూడకుండా, "అడిగినా సెప్పకపోదును" అంది. "సముద్రం మీ మావ కాలొకటి ఉంచీసుకుంది. మిగిలింది ఇంటికొచ్చింది. దాన్ని మళ్లీ నానే సాగనంపాలేటిరా?"

నేను బుట్ట సర్దాను.

మావ టీ తాగి వచ్చాడు. వస్తూనే అత్తకు పదిహేనేళ్లుగా రోజూ బేరం ఇచ్చే ఒక హోటలాయనతో తగువు పెట్టుకున్నాడు. చేపను వేలితో నొక్కి చూశాడట, అది చచ్చిపోయిన జీవికి అవమానమట. హోటలాయన దండం పెట్టి, "అప్పా, మీ ఆయన సంతకొచ్చినన్నాళ్లు నాను రాను" అని వెళ్లిపోయాడు. మావ ఆయన వెళ్లిన వైపే చూశాడు. మళ్లీ అత్త మొహం చూశాడు. "రేపట్నించి నాను రాన్లే" అన్నాడు. "అంతే."

ఆ 'అంతే' ఏమిటో నాకే తెలిసినప్పుడు, అన్నేళ్లు కాపురం చేసిన మనిషికి తెలియదా? బస్సు దిగి, మావ ముందు నడిచిపోయాక, అత్త నన్ను ఆపింది. "అల్లుడా, రేపు పొద్దున్న కొబ్బరిసిప్పలు రాజెయ్యి. మంటొద్దు, నిప్పులు కావాల."

"అత్తా! ఇందాకే గదా కాదన్నావు..."

"ఒడ్డునుంటే నా బేరమంతా ములిగిపోతాది. సముద్రంలో ములిగితే ఆయనొక్కడే గదా" అంది. అని గబగబా ముందుకు నడిచింది, తలమీద ఖాళీ టబ్బు ఎండకు అడ్డంగా పట్టుకుని. అప్పటికి ఎండ లేదు.

మర్నాడు నేను చూసినంత పనితనం మళ్లీ ఎక్కడా చూడలేదు. అత్త కొంగు బిగించి, దోసకాయ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. "ముందు మీ ఇంజినీరింగంతా గోకీయండి" అంది. నేనూ రేజిన్ బావా మా ఇద్దరి అవశేషాలనూ కత్తితో గోకి, ఉప్పుకాగితంతో రుద్ది శుభ్రం చేశాం. తర్వాత అత్త పడవ అంచు నుంచి చిన్న పేలిక చెక్కి, నిప్పు అంటించి, ఊదేసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "కొవ్వొత్తి వాసన" అంది. ఇక ఇంట్లో ఉన్న విరిగిన ప్లాస్టిక్ సామాన్ల పరీక్ష మొదలైంది. కుర్చీ కాలు కాల్చి చూసి "కాదు" అంది. మగ్గు పిడి కాల్చి "కాదు" అంది. గాలివానకు పగిలిన నల్ల నీళ్లట్యాంకు మూత కాల్చి రెండుసార్లు వాసన చూసింది. "ఇది దీని సెల్లెలు" అంది. జాతికి జాతే అతుకుతుందని మా పుస్తకంలో కూడా ఉంది, వాసన చూసి చుట్టరికం కలపడం మాత్రం లేదు.

మూతను పొడుగు పేలికలుగా కోయించింది. మేకు కాల్చి బీటకు రెండు కొసలా చెరో కన్నం పెట్టింది. "ఎందుకత్తా, ఉన్న కన్నం సాలదా?" అని బావ అడిగాడు. "పగులికి కాళ్లుంటాయిరా. అతుకేసినా అది ముందుకి నడుస్తాది. సివర కన్నం పెడితే ఇంక నడవడానికి దారుండదు" అంది. అంచులు రెండూ చాలులా వాలుగా చెక్కింది. అట్లకాడను నిప్పుల్లో పెట్టి, తీసి, నీళ్ల చుక్క విదిలించింది. చుక్క సుయ్‌మని ఇగిరిపోతే మళ్లీ నిప్పుల్లో పెట్టింది. గుండ్రంగా పూసలా పరుగెత్తాక "ఇప్పుడు" అంది. ఎర్రగా కాలిస్తే ఇంకా తొందరగా అవుతుంది గదా అన్నాను. "మాడిపోతాది. మాడినది అతకదు. మొదటి రెండు టబ్బులూ అలగే తగలెట్టినాను, మూడోది నిలబడింది" అంది. అదీ ఆవిడ చదివిన డిప్లమా. ఒక్క సబ్జెక్టూ మిగల్లేదు.

అట్లకాడ అంచు చాలులోనూ, పేలిక కొసనూ ఒకేసారి ఆనించేది. రెండూ చెమర్చినట్టు మెరిసి, మెత్తబడే క్షణాన అట్లకాడ లాగేసి, పేలికను తడిగుడ్డ చుట్టిన బొటనవేలితో అదిమేది. ఆ క్షణం అటూ ఇటూ కాకుండా పట్టుకోవడమే విద్య. గోరంత, గోరంత, బీట మూసుకుంటూ వచ్చింది. తొందర లేదు, ఆగడం లేదు. ఊరికే నిలబడలేక, "శ్లాబులో ఇనుము వేసినట్టు, పైపొరలో స్టీలు వల ఏదైనా పెడితే గట్టిగా ఉంటాది" అన్నాను. అత్త తలెత్తి నన్ను చూసింది. "మూడేళ్ల సదువులో ఒక మాట పనికొచ్చింది. తే" అంది. స్టీలు వల కోసం మా అమ్మ టీ వడపోత కత్తిరించి తెచ్చాను. (ఆ వారమంతా మా ఇంట్లో టీ తాగడం కాదు, నమలడమే.) దాన్ని అతుకు మీద పరిచి, మెత్తగా లోపలికి ఒత్తి, పైన ఇంకో పొర వేసింది. రేజిన్ బావ ఆ రోజంతా నిప్పులు విసురుతూ కూర్చున్నాడు. చివర్లో, "అత్తా, నాకు నేర్పుతావా?" అన్నాడు, అరచెయ్యి మీసానికి అడ్డం పెట్టుకుని. ఆ మీసం నిలిచి ఉండటానికి తగిన పని ఆయన చేయడం నేను చూసింది అప్పుడే.

చల్లారాక, పడవను రెండు బల్లల మీదకెత్తి, కొసనున్న బిరడా తీసి లోపల నీళ్లు నింపించి, కింద పొడి బూడిద పరిచింది. ఒక్క చుక్క పడ్డా మచ్చ కనిపిస్తుంది. సాయంత్రం దాకా మావ ఆ బూడిద ముందే కూర్చున్నాడు. దాని మీద ఒక కోడి అడుగులు తప్ప ఇంకేమీ పడలేదు.

మర్నాడు పొద్దున్నే నేనూ బావా చెరో కొసా పట్టుకుని దోసకాయను నీళ్ల దాకా మోశాం. ఇసుకలో మోటారు పడవలు, వాటి నీడల్లో ఊరు. మావ ఎవరి వైపూ చూడకుండా, అందరికీ కనబడేలా వాటి ముందునుంచి నడిచాడు. అత్త కొబ్బరికాయ కొట్టి, పడవ మొనకు పసుపు రాసింది. (పసుపు మీద పసుపు ఏం కనబడుతుందని అడగబోయి, ఆవిడ రాసిన చోటే మళ్లీ మళ్లీ రాయడం చూసి మానుకున్నాను.) తర్వాత వెనక్కి వచ్చి, ఒక పడవకు చేరగిలబడి, సముద్రానికి వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి కూర్చుంది.

"నాను సూడను. నువ్వు సెప్పు" అంది.

"ఎక్కినాడత్తా. కాలు ముందెక్కింది, తర్వాత మనిషి."

"ఊఁ."

"మొదటి కెరటం దాటినాడు. తెడ్డు తిరగేసి పట్టుకున్నాడు గానీ ఆ సంగతి కెరటానికి తెలిసినట్టు లేదు."

"రెండోది?"

"రెండోది ఆయన్ని దాటింది. నోట్లోకెల్లిన ఉప్పునీళ్లు మరీ ఉప్పగా ఉన్నాయని సముద్రంతో తగువేసుకుంటన్నాడు."

అత్త భుజాలు కదిలాయి. నవ్వే అనుకుంటాను. మూడో కెరటం మిగతావాటి కంటే ఒక మనిషెత్తు ఎక్కువ లేచింది. లేచి, మావకూ నాకూ మధ్య గోడలా నిలబడి, విరిగింది. నురగ తెల్లగా పరుచుకుంది. అందులో పసుపు రంగు లేదు.

"ఏటి?" అంది అత్త.

"కనిపిస్తన్నాడు" అన్నాను.

"ఎలగున్నాడు?"

"బాగున్నాడు."

ఒడ్డున ఉన్న మగవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. రేజిన్ బావ నీళ్లలోకి నాలుగడుగులు వేశాడు. అప్పుడు దూరంగా, కెరటాలు విరిగే గీతకు అవతల, నున్నటి నీళ్లమీద ఒక దోసకాయ తేలింది. దానిమీద ఒక మనిషి కాలు చాపుకుని కూర్చుని, రెండు చేతులా తెడ్డు పైకెత్తి ఏదో అరుస్తున్నాడు. ఒడ్డంతా ఒక్కసారి కేక పెట్టింది.

"అదుగో అత్తా! జమీందారు మేనా ఎక్కినట్టు కూకున్నాడు. మోసీవోళ్లు మాత్రం కనబడ్డం నేదు."

అత్త ఊపిరి వదిలింది. "ఇందాకల కనబడనేదు గదూ?"

"నీకెలా తెలిసింది?"

"రెండు ముక్కల్లో సెప్పినావు. నువ్వు నిజం సెప్తే అందులో ఏదో ఒక ఎకసెక్కం ఉంటాది" అంది. అప్పుడు లేచి, సముద్రం వైపు తిరిగి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. మావ ఒడ్డుకొచ్చే దాకా అలాగే నిలబడింది.

ఆ రోజు ఆయనకు పడినవి నాలుగు చేపలు. వాటి గురించి చెప్పిన ప్రసంగం మాత్రం వారం రోజులు సాగింది. నేను ఆ తర్వాత ఎలాగో ఆ సబ్జెక్టు గట్టెక్కి, విజయనగరం పక్కన ప్లాస్టిక్ పైపులు అతికే పనిలో చేరాను. మిషను వేడిచేస్తుంది, మిషనే అదుముతుంది, నేను పక్కన నిలబడి సరిగ్గా చెమర్చే క్షణం కోసం చూస్తుంటాను. ఆ రోజుల్లో ఎవరి గుండెలో గాలైనా తీసేయగలనని మురిసిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అత్త ఇప్పటికీ ఫోను చేసి "ఎలగున్నావు?" అని అడుగుతుంది. ఉత్తినే 'బాగున్నాను' అంటే ఎక్కడ దొరికిపోతానోనని, ఎందుకైనా మంచిదని, దానికో ఎకసెక్కం తగిలిస్తాను. నిజంగా బాగున్న రోజుల్లో అది వెంటనే దొరుకుతుంది. బాగాలేని రోజుల్లో వెతుక్కోవాలి. ఆ వెతుక్కునే చప్పుడు ఆవిడకు అక్కడ వినబడుతుంది కాబోలు. నేను చెప్పింది మొత్తం విని, "ఊఁ, ఇప్పుడు అసలు సంగతి సెప్పు" అంటుంది.